51 ఎం.ఎం. స్లిప్-ఆన్ కిట్: డబ్బా బాగానే ఉంది, తేడా అంతా జాయింటు దగ్గరే

స్లిప్-ఆన్ అంటే బైకు బెండ్ పైపుని (ఇంజిన్ నుంచి పొగ తెచ్చే గొట్టం) అలాగే ఉంచి దాని చివర తొడిగే సైలెన్సర్; 51 ఎం.ఎం. అన్నది పైపు దూరే మూతి వ్యాసం. 'ఏ బండికైనా సరిపోతుంది' అని రాసి అమ్మే 51 ఎం.ఎం. స్లిప్-ఆన్ సైలెన్సర్ కిట్లలో డబ్బాకి, అంటే సైలెన్సర్ ఒంటికి, వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. వెల్డింగు మరీ నాసిగా లేకపోతే అది సైలెన్సర్‌లాగే పనిచేస్తుంది. ఇబ్బంది పెట్టేది దానితోపాటు వచ్చే చిల్లర సామానే: క్లాంపు, స్లీవులు, బ్రాకెట్. కిట్టు కొనేవాళ్లు ఈ మూడింటికీ మంచి ప్రత్యామ్నాయం ముందే చూసుకోవాలి.

బాక్సులో మామూలుగా వచ్చేవి ఇవి: డబ్బా, లింక్ పైపు, 51 నుంచి చిన్న సైజులకి దించే చీలిక స్లీవులు, బ్యాండ్ క్లాంపు, ఇనప పట్టీ బ్రాకెట్, రెండు స్ప్రింగులు, డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ మూతిలో దూర్చే చిన్న గొట్టం), దాన్ని పట్టి ఉంచే చిన్న అలెన్ బోల్టు. 'స్టెయిన్‌లెస్' అన్న మాటకి అయస్కాంతం పెట్టి చూడటం అందరూ చేసే పనే. 304 రకానికి అంటుకోదు, మహా అయితే వంపుల దగ్గర కాస్త లాగుతుంది. కానీ 201 రకానికీ అంటుకోదు, అది 304 కన్నా త్వరగా తుప్పు పడుతుంది. 409కి గట్టిగా అంటుకుంటుంది, అయినా అదీ స్టెయిన్‌లెస్సే. కాబట్టి అయస్కాంతం చెప్పేది సగమే. 'కార్బన్ ఫైబర్' విషయంలో పరీక్ష ఇంకా తేలిక. డబ్బాని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే అసలైన అల్లికలో గళ్లు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. ప్రింటు ఫిల్మ్ అయితే బొమ్మ ఎటు తిప్పినా అలాగే ఉంటుంది, ఇంజిన్ వైపు కొసలో వేడికి బుడగలు లేస్తుంది.

కొనేముందే బెండ్ పైపు బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవాలి. పాత క్లాంపు నొక్కిన చోట పైపు గుండ్రంగా ఉండదు. స్లీవుకీ పైపుకీ మధ్య అర మిల్లీమీటరు సందుంటే క్లాంపు సర్దుతుంది. మిల్లీమీటరు దాటితే చీలిక పూర్తిగా మూసుకుపోయి, క్లాంపు బోల్టు బిగుసుకున్నట్టే ఉంటుంది, లోపల పైపు మాత్రం చేత్తో తిప్పితే తిరుగుతుంది. ఇంకో సంగతి, కిట్టుతో వచ్చే కాగితంలో ఇది ఉండదు: స్లీవు చీలికా, లింక్ పైపు చీలికా ఒకే వరసలో పడితే పొగకి నేరుగా దారి ఇచ్చినట్టే. ఒకటి పైకి ఉంటే రెండోది కిందికి ఉండాలి.

పాతది విప్పడం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. జాయింటు బోల్టుకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే సగం పని అయినట్టే. సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) దగ్గర బెండ్ పైపుని పట్టి ఉంచే నట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. స్లిప్-ఆన్‌కి ఆ అవసరమే రాదు. అక్కడ నట్టు ఎక్కే స్టడ్ (మరలున్న కడ్డీ) విరిగిందంటే అల్యూమినియం హెడ్‌లోంచి దాన్ని బయటికి తీయడం మెషిన్ షాపు పని. ఏ కారణంగానైనా బెండ్ పైపు దించాల్సి వస్తే, పట్టేసిన నట్టుని ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయాలి. లోపలి ప్యాకింగ్ రింగు ఒక్కసారే నలిగి కూర్చుంటుంది, కాబట్టి తిరిగి కట్టేటప్పుడు కొత్తది వేయాలి. రెండు నట్లనీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ఎం8 స్టడ్లకి సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల ప్రాంతం, అసలు లెక్క మాత్రం బండి మాన్యువల్‌లో ఉన్నదే.

బిగించే వరస ఇలా: లింక్ పైపు, డబ్బా, బ్రాకెట్ బోల్టు అన్నీ ముందు చేత్తోనే పట్టించాలి. డబ్బా వాలు సరిచూసుకుని, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి, బ్రాకెట్ బోల్టు అన్నిటికన్నా చివర. ఆ బోల్టు రంధ్రంలోకి వేలితో తోస్తే దిగిపోవాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితేగానీ దిగలేదంటే పైపు మెలికపడి ఉన్నట్టు. ఆ బిగువు మీద ఇంజిన్ అదురు తోడై, వెల్డింగు పక్కన సన్నటి పగులు మొదలవుతుంది. కిట్టులోని ఇనప పట్టీకి రబ్బరు బుష్ ఉండదు, నేరుగా ఫ్రేముకి బోల్టు వేయమంటారు. పాత సైలెన్సర్ నుంచి రబ్బరు బుష్షునీ, దాని లోపలి ఇనప కాలర్‌నీ తీసి ఇక్కడ వాడుకోవాలి. కాలర్ లేకుండా బిగిస్తే రబ్బరు నలిగి పిప్పవుతుంది, అదురు ఆపడానికి ఏమీ మిగలదు.

బిగించాక ఒక మనిషిని వెనక కూర్చోబెట్టి సస్పెన్షన్ పూర్తిగా నొక్కి చూడాలి. వెనక బ్రేకు హోసూ, ఇండికేటర్ వైరూ డబ్బాకి దగ్గరగా రాకూడదు. యాక్సిల్ నట్టుకి స్పానర్ అందుతోందా అన్నదీ అప్పుడే చూసుకోవాలి, లేకపోతే చైను బిగించాల్సిన ప్రతిసారీ సైలెన్సర్ విప్పాలి. చాలామంది మర్చిపోయేది మెయిన్ స్టాండు సంగతి. కొన్ని బళ్లలో స్టాండు పైకి లేచినప్పుడు వచ్చి ఆనుకునే రబ్బరు స్టాపర్ పాత సైలెన్సర్‌కే ఉంటుంది. అది పోతే స్టాండు స్వింగ్ ఆర్మ్‌కో చైనుకో తగిలి గుంతల్లో టకటకలాడుతుంది.

ఇక లీకు. క్లాంపుకి కిట్టులో ఇచ్చే పలచటి బోల్టు రెండోసారి విప్పితే మరలు జారిపోతాయి. టి-బోల్టు రకం స్టెయిన్‌లెస్ క్లాంపు, గ్రాఫైట్ స్లీవ్ ప్యాకింగ్ విడిగా కొనుక్కోవడమే మంచిది. ఎర్ర సిలికాన్ పులమడం అందరికీ అలవాటు. ఇంజిన్‌కి దగ్గరి జాయింట్లలో అది మాడి పొడిగా రాలిపోతుంది, పైగా కొన్ని సిలికాన్ల ఆవిరి పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తుంది. ఎగ్జాస్ట్ పేస్టు వాడండి.

లీకు సెన్సర్‌కి ముందు ఉంటే నష్టం శబ్దంతో పోదు. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిన క్షణంలో ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, దాని వోల్టేజి 0.45 వోల్టుల కిందికి పడుతుంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది, నింద మాత్రం కొత్త సైలెన్సర్ మీద పడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పటపటలకీ తరచుగా ఇదే మూలం. లోపల మిగిలిన కాలని పెట్రోలు ఆవిరికి లీకు గాలి తోడై పైపులోనే అంటుకుంటుంది. కార్బురేటర్ బండైనా సరే, పైలట్ స్క్రూ (స్లోలో గాలి-పెట్రోలు పాళ్లు సర్దే మర) తిప్పేముందు జాయింటు చూడాలి. జాయింటు బాగానే ఉండి, ప్లగ్గు మరీ తెల్లగా ఉంటే అప్పుడు మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే చిల్లు బిళ్ల) ఒక సైజు పెంచే మాట.

లీకు పట్టుకోవడం కష్టం కాదు. చల్లటి బండి స్టార్ట్ చేసి, గ్లౌజు వేసుకుని, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకన్లు మూయండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై స్లో పడిపోవాలి. పడిపోకుండా జాయింటు దగ్గర బుస్సుమందంటే దొరికినట్టే. టాపెట్ శబ్దమనుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే టిక్ టిక్‌లలో కొన్ని నిజానికి హెడ్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకులే. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత జాయింటు చుట్టూ మసి చార కనిపిస్తుందేమో చూసి, చల్లారాక క్లాంపుని ఇంకోసారి బిగించాలి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు డబ్బానంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వేలిముద్రల జిడ్డు వేడికి మాడిందంటే ఆ మచ్చ మళ్లీ పోదు.

శబ్దం గురించి: డీబీ కిల్లర్ ఉంచితే బొంగురుగా, వినసొంపుగానే ఉంటుంది. తీసేస్తే చెవులు చిల్లులు పడతాయి, చిన్న సింగిల్ సిలిండర్ బండికి చెప్పుకోదగ్గ పికప్ మాత్రం రాదు. బెండ్ పైపూ, అందులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ మారనప్పుడు స్లిప్-ఆన్ వల్ల దక్కేది ప్రధానంగా బరువు తగ్గడం, శబ్దం మారడం, అంతే. తనిఖీలో నిలిపి ఉంచిన బండి శబ్దాన్ని సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో కొలుస్తారు. గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎం 5000 దాటిన బళ్లకి అందులో సగం దగ్గర, లేకపోతే ముప్పాతిక దగ్గర. మోటార్‌సైకిళ్లకి విడిగా కొనే సైలెన్సర్ల ఆమోదానికి ఐక్యరాజ్యసమితి 92వ నియమావళి ఉంది. ఆ ముద్ర చాలా కిట్లలో కనిపించదు, కొనేముందు డబ్బా మీద వెతకండి.

డీబీ కిల్లర్ బోల్టు వదులైతే గలగల మొదలవుతుంది. మామూలు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా మరలకి రాసే జిగురు) ఆ వేడికి పట్టు వదిలేస్తుంది, తలలో రంధ్రమున్న బోల్టు వేసి తీగ కట్టడమే ఖాయమైన పద్ధతి. శబ్దం తగ్గించడానికి డబ్బా లోపల నింపే ఊల్ (గాజు పీచు లాంటిది) కాలిపోయాక శబ్దం రేకు డబ్బా మోతలా మారుతుంది. రివెట్లు డ్రిల్లుతో తీసి మళ్లీ నింపుకోవచ్చు. భవనాలకి వాడే గ్లాస్ ఊల్ ఇక్కడ ఆగదు, సైలెన్సర్ల కోసమే అమ్మే ఊల్ కావాలి. డబ్బా లోపలి చిల్లుల పైపు చుట్టూ ఒత్తుగా చుట్టాలి గానీ కుక్కకూడదు.

కొన్ని కిట్లతో ఉచితంగా ఇచ్చే హీట్ ర్యాప్ చుట్టను పక్కన పెట్టేయండి. ఇనప బెండ్ పైపు మీద అది తడిని పట్టి ఉంచుతుంది, లోపల ఎంత తుప్పు పట్టిందో విప్పేదాకా తెలియదు. కాంబోలో వచ్చే రెండు ఫాగ్ లైట్లు పర్వాలేదు, వైరింగు మాత్రం పనికిరాదు. 20 వాట్ల లైట్లు రెండంటే 12 వోల్టుల దగ్గర 3.3 ఆంపియర్లు, దాన్నంతా సన్నటి స్విచ్చు గుండా పంపిస్తున్నారు. నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) పెట్టండి, పిన్ను నంబర్ల ప్రకారం: 30 బ్యాటరీకి, 87 లైట్లకి, 86 స్విచ్చుకి, 85 ఎర్త్‌కి. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. పాత సైలెన్సర్‌కి దూరంగా పోయే కంపెనీ వైర్లు కొత్త లింక్ పైపుకి ఆనుకుని పోతూ ఉండవచ్చు, లైట్ల వైర్లు లాగేటప్పుడే వాటినీ ఫ్రేముకి జిప్ టైలతో కట్టేయండి.

పాత సైలెన్సర్‌ని రెండు మూతులకీ గుడ్డ కుక్కి, బోల్టులూ బుష్షులూ ఒక సంచిలో వేసి దానికే కట్టి దాచండి. తనిఖీకో, బండి అమ్మడానికో అదే మళ్లీ కావాలి.