అరికాళ్ల మంటలకు న్యూరాలజీ ఓపీ: ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ తేడా కొడుతుంది

షుగర్ ఉన్నవాళ్లకి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ముదిరితే న్యూరాలజీ ఓపీకి రాస్తారు. అక్కడి వైద్యం ఎలాంటిదో తేల్చుకోవడానికి మిషన్లు చూడక్కర్లేదు. చెప్పులు, సాక్సులు విప్పించి పాదాలు చూశారా లేదా అన్నది చూస్తే చాలు.

మంచి విభాగంలో సగం పని ప్రశ్నలతోనే అయిపోతుంది. మంటా, సూదులు గుచ్చినట్టా, కరెంటు షాక్ కొట్టినట్టా, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేరా అని అడుగుతారు. డీఎన్4 అనే స్కోరులో 10 అంశాలు ఉంటాయి. 4 దాటినా, 4 వచ్చినా అది నరాల నొప్పే కావచ్చు. వాటిలో 3 అంశాలు చర్మాన్ని తాకి చూస్తేనే తెలుస్తాయి కాబట్టి, రోగి చేతికి కాగితం ఇచ్చి నింపించుకుంటే కుదరదు. తర్వాత 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్. ఆ నైలాన్ పోగును వంగేదాకా నొక్కి, కళ్లు మూసుకున్న రోగిని తెలిసిందా అని అడుగుతారు. ఆనెకాయ మీద నొక్కితే మాత్రం ఫలితం తప్పు వస్తుంది. బొటనవేలి ఎముక మీద 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు పెట్టి అదురు తెలుస్తుందా అన్నది, గుండుసూది పోటు, మడమ దగ్గర రిఫ్లెక్స్ కూడా చూడాలి. స్పర్శ లేని మచ్చలు, లావెక్కిన నరాలు ఉన్నాయేమో వెతకడం మన దగ్గర అస్సలు వదలకూడదు, కుష్టు ఇంకా పోలేదు.

ఎక్కువ తేడా కొట్టేది నరాల పరీక్ష, అంటే ఎన్‌సీఎస్ దగ్గర. అది లావు నరపోగుల్నే కొలుస్తుంది. మంటను మోసే సన్న పోగులు దానికి అందవు. అందుకని రిపోర్టు నార్మల్ వచ్చిందని "మీకేం లేదు" అని పంపించేయడం అన్యాయం. ఏసీ గదిలో కాళ్లు చల్లబడినా నరాల వేగం తక్కువ చూపిస్తుంది, కాబట్టి ముందు కాళ్లు వెచ్చబెట్టాలి. ఆ రోజు నూనె, క్రీము రాసుకోకండి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో పాటు విటమిన్ బీ12 పరీక్ష కూడా ఉందో లేదో చూసుకోండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గవచ్చు.

ఇక మందులు. నరాల నొప్పి మందు ప్రీగాబాలిన్, బీ12 రకమైన మిథైల్‌కోబాలమిన్ కలిపిన మాత్ర రాసి నెలల తరబడి అదే కొనసాగించడం మాకు నచ్చని పద్ధతి. రెండూ ఒకే మాత్రలో ఉంటే ప్రీగాబాలిన్ డోసును విడిగా పెంచడం, తగ్గించడం కష్టం. ప్రీగాబాలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ చూడకుండా రాయకూడదు. మత్తు, తూలడం, పాదాల వాపు రావచ్చు. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, కానీ ప్రొస్టేట్ ఇబ్బంది, గ్లాకోమా ఉన్నవాళ్లకి అది పడదు. డ్యులోక్సెటిన్ అనే ఇంకో నరాల నొప్పి మందు సాధారణంగా 30 మిల్లీగ్రాములతో మొదలై 60కి వెళ్తుంది. ఏదైనా సరిపడా డోసులో కొన్ని వారాలు వాడితేగాని పనిచేసిందో లేదో చెప్పలేం. నొప్పి సగం తగ్గినా మంచి ఫలితమే, ఆ మాట మొదటిరోజే చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి. డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలతో ఈ మంట తగ్గదు, పైగా కిడ్నీలకు చేటు. తగ్గింది కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపేయకండి.

పాదం వేలాడిపోయినా, మూత్రం బిగిసినా, కూర్చునే చోట మొద్దుబారినా ఓపీ టోకెన్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.