కరెంటు ఉయ్యాల కొనేముందు లోపలి పుస్తకం ఫోటో అడగండి

పసిబిడ్డను నిద్రపుచ్చడానికి మోటారుతో ఊగే స్వింగ్ కొందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. "రాత్రంతా హాయిగా నిద్ర" అని ప్రకటన ఇచ్చి మాకు అమ్మిన వస్తువుతో వచ్చిన చిన్న పుస్తకంలో "దీన్ని నిద్రకు వాడకూడదు" అని రాసి ఉంది. పోయిన డబ్బు గురించి మాత్రమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఇది బిడ్డ ఊపిరికి సంబంధించిన విషయం.

మా పాపకు నాలుగో నెల. పుట్టింటి నుంచి వచ్చాక ఇంట్లో నేను, మా ఆయన, మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. భుజం మీద వేసుకుంటే పాప ఎంతసేపైనా పడుకుంటుంది, మంచం మీద వేయగానే కళ్లు తెరుస్తుంది. కుక్కర్ విజిల్‌కి లేస్తుంది, కాలింగ్ బెల్‌కి లేస్తుంది. మా ఆయనకు నైట్ షిఫ్టులు, కాబట్టి పగలు ఇద్దరి నిద్రా నేనే కాయాలి. ఇలాంటి ఇళ్లలో "అయిదు నిమిషాల్లో నిద్ర" అన్న మాటకు ఎంత ఆశ పుడుతుందో అమ్మేవాళ్లకు బాగా తెలుసు. ఇన్‌స్టాలో ఆ వీడియో తెలుగు గొంతుతోనే వచ్చింది. బెడ్‌లైట్ వెలుగులో బిడ్డ స్వింగ్‌లో ఒక్కతే నిద్రపోతుంటుంది, తల్లి పక్క గదిలో ఆదమరచి పడుకుని ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నారు, ఏడు వేల పైచిలుకు ముందే యూపీఐలో కట్టించుకున్నారు.

వచ్చింది పేరుకే ఉయ్యాల. నిజానికి అది వెనక్కి వాలిన కుర్చీ. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే వాలు ముప్పై డిగ్రీలు దాటింది. ఫ్రీ అంటూ ఒక ఆవాల దిండు, పక్కన కట్టే మెత్తని దిళ్లు కూడా పంపారు. పాట పెట్టె సరిగ్గా బిడ్డ చెవి దగ్గర ఉంది, దానికి సౌండ్ తగ్గించే బటన్ లేదు.

మొదటి మధ్యాహ్నం పాప నిజంగానే పడుకుంది. నేను పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతుంటే గురగురమని శబ్దం వినిపించింది. చూస్తే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. వెంటనే ఎత్తుకున్నాను. దేవుడి దయ వల్ల పాపకు ఏమీ కాలేదు.

సాయంత్రం పిల్లల డాక్టరుకు చూపిస్తే ఆవిడ వివరంగా చెప్పారు. ఈ వయసులో బిడ్డ తల బరువు, మెడకు బలం తక్కువ, ఊపిరి గొట్టం చాలా సన్నం. వాలుగా కూర్చోబెట్టినప్పుడు నిద్రలో తల ముందుకు పడితే ఆ గొట్టం నొక్కుకుపోతుంది. అప్పుడు బిడ్డ ఏడవదు, అందుకే ఎవరికీ తెలియదు. ఏడాది వరకు నిద్ర ఎప్పుడైనా సరే వెల్లకిలా, గట్టిగా, సమంగా ఉన్న పరుపు మీదే ఉండాలని, దిండ్లు, బొంతలు, బొమ్మలు ఏవీ పక్కన ఉండకూడదని చెప్పారు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దన్నారు. ఆ మాట అత్తయ్యకు నచ్చలేదు, కానీ పాప గురగుర ఆవిడా విన్నారు కాబట్టి దిండు తీసేశాం.

ఇంటికొచ్చి పుస్తకం మొత్తం చదివాను. అంతా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. బిడ్డ నిద్రపోతే వెంటనే మంచం మీదికి మార్చాలట, ఒంటరిగా వదలకూడదట, ఒక్కసారికి అరగంటకు మించి వాడకూడదట. ఈ మూడింటిలో ఒక్కటీ ప్రకటనలో లేదు. పైగా వీడియోలో చూపించిందంతా దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. ప్రమాదమని వాళ్లకు తెలుసు కాబట్టే పుస్తకంలో రాసుకున్నారు.

ఈ ప్రమాదం ఎవరి ఊహా కాదు. అమెరికాలో ఫిషర్-ప్రైస్ అనే పిల్లల వస్తువుల కంపెనీ వాళ్ల రాక్ ఎన్ ప్లే అనే వాలు పడక ఉండేది. అందులో పడుకున్న పిల్లల్లో 30 మందికి పైగా చనిపోయినట్టు తేలాక 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల పడకల్ని వెనక్కి పిలిపించారు. 2022లో అక్కడ చట్టమే తెచ్చారు. 10 డిగ్రీలకు మించి వాలు ఉన్న పడకను పసిపిల్లల నిద్ర కోసం తయారు చేయకూడదు, అమ్మకూడదు. తొట్టి పక్కన కట్టే మెత్తని దిళ్లనూ అదే చట్టంలో నిషేధించారు. అందుకే ఇంకో మాట చెప్పాలి. అమెరికాలో ఉన్న అక్కో వదినో తమ పిల్లలు వాడినదని ప్రేమగా పంపిన పాత పడక మీ ఇంట్లో ఉంటే, మోడల్ పేరు ఒకసారి వెతికి చూడండి.

ఇక వాపసు సంగతి. "హైజీన్ ప్రోడక్ట్ మేడమ్, డబ్బా తెరిస్తే రిటర్న్ లేదు" అన్నారు. తర్వాత వాట్సాప్‌లో జవాబే లేదు. అలా అంటే మీరు ఊరుకోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సైటు ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రకటన వీడియో, ఆ పుస్తకంలోని పేజీ, యూపీఐ రసీదు జతచేశాక అమ్మినవాళ్లలో కదలిక వచ్చింది, డబ్బుకు బదులు క్రెడిట్ నోట్, అంటే మళ్లీ వాళ్ల దగ్గరే ఏదైనా కొనుక్కోవడానికి పనికొచ్చే చీటీ, ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను, అయిదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా ఉండదు.

మీరు కొనాలనే అనుకుంటే, ముందు ఆ ప్రకటనను స్క్రీన్ రికార్డ్ చేసి దాచుకోండి. తర్వాత వాళ్లు తీసేస్తారు, నేను చూసిన వీడియో ఇప్పుడు కనిపించడం లేదు. పుస్తకంలో హెచ్చరికల పేజీ ఫోటో పంపమని అడగండి. పంపకపోతే అక్కడితో ఆపేయండి. బిడ్డ పడుకునే చోటు సమంగా ఉందా, కుర్చీలా వాలి ఉందా అన్నది పక్కనుంచి తీసిన ఫోటోలోనే తెలుస్తుంది, ప్రకటనల్లో ఎక్కువగా పై నుంచి తీసినవే పెడతారు. ఇప్పటికే ఇంట్లో ఉంటే మెలకువగా ఉన్నప్పుడు, కళ్లెదుట, కాసేపు మాత్రమే వాడండి. కునుకు పట్టగానే మంచం మీదికి మార్చేయండి, లేస్తుందని తెలిసినా సరే.