అంకె పెద్దదైతే స్పీడు పెరుగుతుందన్నారు

నాది పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ, దానికి 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక బయట బిగించే మోటారు. తిరిగేదంతా యానాం దగ్గర గౌతమి పాయలో. కొని ఐదేళ్లయింది. మోటారు గురించి కొత్తగా చెప్పేదేం లేదు, నా గోలంతా కింద తిరిగే ప్రొపెల్లర్ గురించి, అందులోనూ దాని మీద పోత పోసిన ఒక్క అంకె గురించి.

ఆ అంకె పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎంత ముందుకి పోవాలో ఆ దూరం. అమ్మినాయన 10 అంగుళాల పిచ్ ఉన్నది బిగించి ఇచ్చాడు. అంకె పెద్దదైతే స్పీడు ఎక్కువండీ అన్నాడు, నమ్మేశాను. ఒక్కడినే వెళ్తే నిజమే అనిపించేది కూడా, ఫోన్ జీపీఎస్‌లో గంటకి 28 కిలోమీటర్లు వచ్చేది.

మూడో ఏడు వరద ఎర్రనీళ్లు తగ్గుతున్నప్పుడు నేను, బావమరిది, ఇంకో ఇద్దరు, ఒక ఐస్ పెట్టె. కిందికి పోవడం హాయిగా పోయాం. తిరిగొచ్చేటప్పుడు ఎదుర్లంక వంతెన దగ్గర ఏరు లాగడం మొదలైంది, ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా మోటారు మూలుగుతోంది గానీ పడవ ముక్కు ఆకాశం చూస్తూ అక్కడే నిలబడింది. "బావా, ఈ స్తంభం మనతోపాటే వస్తోందా ఏంటి?" అన్నాడు మావాడు. నవ్వొచ్చే పరిస్థితి కాదు, స్తంభం మీది పాచి గీత అరచేతిలా కనిపిస్తోంది, అయిదు నిమిషాలైనా అది వెనక్కి పోదే! చివరికి ఒడ్డు వారకి తప్పించి, లాగు తక్కువున్న చోట పాక్కుంటూ రేవు చేరాం.

మెకానిక్ కార్బురేటర్ అన్నాడు. రెండుసార్లు క్లీన్ చేయించా, ప్లగ్గులు మార్పించా, పాత ప్లగ్గులు మసి పట్టి నల్లగా ఉన్నాయి. మళ్లీ అదే మూలుగు. రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మోటారు పైకెత్తించి, అంకె చూసి, "నలుగురెక్కే పడవకి ఇదేంటి బాబూ, బండిని టాప్ గేర్‌లో గట్టు ఎక్కిస్తున్నావు" అన్నాడు. అంతే, ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు మూడేళ్లూ!

మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే టాకోమీటరు, ప్లగ్ వైరుకి చుట్టే చిన్నది, తెప్పించి చూశా. ఫుల్ థ్రాటిల్‌లో 5000 నుంచి 6000 ఆర్‌పీఎం మధ్య ఉండాలని మాన్యువల్లో ఉంది. నాకు నలుగురితో 4400 దాటలేదు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందట, లెక్కేసుకుని 8 అంగుళాలది కొన్నా. మొదటి రోజు ముగ్గురం ఎక్కాం. ఇంతకుముందు ఈ బరువుతో గంటకి 13 కిలోమీటర్ల దగ్గరే చతికిలబడేది, ఈసారి ముక్కు మెల్లగా దిగి, పడవ నీళ్ల మీదికి లేచి, 20కి వచ్చింది. మోటారు గొంతే మారిపోయింది. ఆ వారమంతా కనిపించినవాళ్లందరికీ ఎనిమిది పెట్టించుకో అని చెప్పా.

ఇప్పుడు రెండేళ్ల తర్వాత అంత గట్టిగా చెప్పను. ఒక్కడినే ఉంటే 26 దాటదు, రయ్యిమని అరుస్తుంది, 5800 తిరుగుతుంది కాబట్టి. పెట్రోలు తగ్గుతుందనుకున్నా, నాకైతే పెద్ద తేడా తెలియలేదు. నలుగురితో ఇప్పటికీ 4800 దగ్గరే ఆగుతోంది, అంటే నిజానికి ఆ బరువుకి 7 పెట్టాలేమో. మాకు ఎక్కువగా ముగ్గురమే కాబట్టి సరిపోయింది. ఒంటరిగా గేలాలేసుకునేవాళ్లకి 10 మీదే మనసుంటే తప్పనను, కానీ ముందు టాకోమీటరు చూసుకోండి, అంగడివాడి మాట తర్వాత.

ఇంకోటి. మొన్న ఎండాకాలం ఇసుక మేట తగిలి ఈ ఎనిమిది లోపలి రబ్బరు బుష్ జారిపోయింది. మోటారు అరుస్తోంది, పడవ కదలదు. నడుం లోతు నీళ్లలో దిగి, పిన్ను లాగి, నట్టు విప్పి, వాషర్ ఏట్లో పడకుండా చొక్కా జేబులో వేసుకుని, సీటు కింద పడేసిన పాత పదిని బిగించా. మూడేళ్లు తిట్టుకున్న ప్రొపెల్లరే ఆ రోజు ఇంటికి చేర్చింది. ఒక్కడినే ఉన్నాను కాబట్టి 28 కూడా వచ్చిందనుకోండి.