చౌరస్తా, అంగడి, జాతర: వీధి ఆటకు ఏది మేలు?

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో డోలు మోగితే జనం మూగుతారు. వెనకాలే పోలీసు విజిల్ కూడా మోగుతుంది. "రోడ్డు మీద ఆడే హక్కు మాకుంది" అని కళాకారులు అంటే అది ఉత్తమాట కాదు. వీధుల్లో సభలను ప్రభుత్వం అదుపు చేయొచ్చు గానీ, ఊళ్లో ఎక్కడా వద్దనడం కుదరదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో చిరువ్యాపారుల తరఫున వచ్చిన సోదాన్‌సింగ్ కేసులో, రోడ్డు పక్కన బతుకుదెరువు చూసుకోవడమూ హక్కేనంది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: ఫలానా జాగే కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం లేదు. అందుకే జాగ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది.

చౌరస్తాలో అసలు చిక్కు కొలతలది. ఆటగాళ్లు ఆడే గుండ్రటి గిరి అడ్డంగా పన్నెండు అడుగులు అనుకుందాం. చుట్టూ మూడు వరుసల జనం నిలబడితే ఒక్కో పక్క ఆరేసి అడుగులు, మొత్తం ఇరవై నాలుగు. అంత ఫుట్‌పాత్ మన పట్టణాల్లో ఏదీ? గోడకు వీపు ఆనించి ఆడితే ఇంకా నష్టం. చూసేవాళ్లంతా రోడ్డు మీదికే పోతారు. దారికి అడ్డమైతే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా. పాత ఐపీసీలో ఇది 200 రూపాయలే ఉండేది. ఒక్కడే కూర్చుని మైకు లేకుండా కిన్నెర వాయించేవాడికైతే చౌరస్తా బాగానే కుదురుతుంది. చుట్టూ పదిమంది నిలబడితే చాలు, దారి ఆగదు.

మైకు పెడితే లెక్క మారుతుంది. 2000 నాటి శబ్ద నియంత్రణ నియమాల ప్రకారం రాతపూర్వక అనుమతి ఉండాలి. అది ఇచ్చేవాళ్లు డీఎస్పీకి తగ్గకూడదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: ఠాణాలో ఎస్సై "సరే కానీయండి" అంటే అనుమతి వచ్చేసిందనుకుంటారు. నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లలో మైకు పనికిరాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకే కాదు, డప్పు, డోలు కూడా కుదరవు. పండుగలకు రాష్ట్రం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అది ఏడాదికి పదిహేను రోజులకు మించకూడదు. తెల్లార్లూ సాగే చిందు యక్షగానానికి ఇది పెద్ద అడ్డు.

అంగడి, అంటే వారం సంత, వేరు. దేవరకద్ర లాంటి పెద్ద అంగళ్లలో జనం నడిచే తిరుగుతారు, ఖాళీ జాగ ఉంటుంది. పంచాయతీ అయితే సర్పంచికి, కార్యదర్శికి, మున్సిపాలిటీ అయితే కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. తైబజార్ (అంగడి రుసుం) వేలం పాడుకున్నాయన వచ్చి పైసలడిగితే రసీదు అడగండి. రసీదు లేని వసూలుకు లెక్కాపత్రం ఉండదు. మేకల సంత పక్కన గిరి గీయకండి. డోలుకు అవి బెదిరితే తగాదా ఖాయం.

కురుమూర్తి, చెరువుగట్టు, పెద్దగట్టు లాంటి జాతరల్లో రాబడి ఎక్కువ. కానీ గుడి జాగ వీధి కాదు. అక్కడ స్వేచ్ఛలిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం చదివినా లాభం లేదు, గుడి ఈవో మాటే చెల్లుతుంది. కొట్ల జాగలు ముందే వేలం పోతాయి కాబట్టి నెల ముందే అడగాలి. పైగా గుడి మైకుల హోరులో కిన్నెర ఎవరి చెవినా పడదు. అక్కడ దొమ్మరాటకున్న గిరాకీ పాటకు ఉండదు.

ఎక్కడైనా వెంటాడేది పళ్లెం. ఆట అయ్యాక పళ్లెం తిప్పితే కొందరు అధికారులకు అది బిచ్చంలాగే కనబడుతుంది. బొంబాయి భిక్షాటన నిరోధక చట్టమైతే పాట, ఆట పేరుతో అడుక్కోవడాన్ని కూడా బిచ్చం కిందే చేర్చింది. ఆ చట్టంలో చాలా సెక్షన్లను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, కానీ ఆ తీర్పు ఢిల్లీ వరకే. మనకు పనికొచ్చేది 2014 నాటి వీధి విక్రేతల చట్టం. అందులో "సేవలు అందించేవారు" కూడా ఉన్నారు. కళాకారులన్న మాట లేదు గానీ ఆటా సేవేనని వాదించొచ్చు. ఆ చట్టం కింద విక్రేత ధ్రువపత్రం దొరికితే, సామాను పట్టుకుపోయినప్పుడు జాబితా ఇవ్వాల్సిందే, అడిగాక రెండు పనిదినాల్లో తిరిగివ్వాల్సిందే.

పిల్లలను తాడెక్కించి పళ్లెం తిప్పితే బాలల న్యాయ చట్టం 76 కింద ఐదేళ్ల జైలు దాకా పోవచ్చు. గంగిరెద్దులకైతే మూడు జాగలూ ముప్పే: ఆడించకూడని జంతువుల జాబితాలో 2011లో ఎద్దునూ చేర్చారు.

నలుగురైదుగురి గుంపుకు మా ఓటు అంగడికే. రాబడి జాతరంత ఉండదు, కానీ వారం వారం ఉంటుంది, కేసు భయం తక్కువ. దరఖాస్తు వారం ముందే ఇవ్వండి. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, జాగ హద్దులు, ఎంతమంది, మైకు ఉందా లేదా, ఫోన్ నంబర్ రాయాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ప్రతి డోలు సంచిలోనే ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.