పొలిటికల్ సైన్స్ డిగ్రీకి ఏది మేలు: ఢిల్లీయా, గచ్చిబౌలియా, ఉస్మానియానా?

ఇంటర్‌లో హెచ్‌ఈసీ, సీఈసీ చదివిన పిల్లలు పొలిటికల్ సైన్స్ డిగ్రీ గురించి అడిగినప్పుడు ముందుగా వచ్చే పేరు ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ). కానీ అక్కడ ఈ సబ్జెక్టు ఎంఏ నుంచే మొదలవుతుంది. బీఏలో ఉండేవి ప్రధానంగా విదేశీ భాషలు. కాబట్టి ఎక్కువమంది ముందు నిలిచేవి మూడు: ఢిల్లీ యూనివర్సిటీ, గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ఉస్మానియా కింద ఉన్న కాలేజీలు.

ఢిల్లీలో మీరు ఎంచుకోవాల్సింది యూనివర్సిటీని కాదు, కాలేజీని. హిందూ, రామ్‌జస్, మిరాండా హౌస్, లేడీ శ్రీరామ్... సిలబస్ ఒకటే, వాతావరణం మాత్రం దేనికదే. బీఏ ఆనర్స్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే రాజకీయ సిద్ధాంతం, భారత రాజకీయాలు గట్టిగా చదివిస్తారు. మూడేళ్లకు ఆనర్స్ డిగ్రీతో బయటికి రావచ్చు, నాలుగో ఏడు కూడా చదవచ్చు. ఫీజు కంటే బస ఖర్చు చూసుకోండి. హాస్టళ్లు కాలేజీలవి, సీట్లు తక్కువ. చాలామంది కమలానగర్, విజయనగర్ చుట్టుపక్కల పేయింగ్ గెస్ట్ (పీజీ) గదుల్లో ఉంటారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి అలాగే వెళ్లింది. ఊళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి సెలవులకు వచ్చినప్పుడు తన జిరాక్స్ రీడింగ్స్ కట్ట చూపించింది. ప్రతి పేజీ అంచునా పెన్సిల్‌తో తెలుగు అర్థాలే. సార్వభౌమత్వం, చట్టబద్ధత, పౌరసమాజం. నాలుగో నెల పేజీలకు వచ్చేసరికి ఆ అంచులు దాదాపు ఖాళీ. ఆ నాలుగు నెలలు ఎంత టెన్షన్ పడిందో వాళ్లమ్మకు తెలుసు.

ఈ ఇబ్బంది ముందే ఊహించుకోవాలి. ఢిల్లీ సీటుకు రాయాల్సిన సీయూఈటీ ప్రవేశ పరీక్ష 13 భాషల్లో పెడతారు, తెలుగులోనూ రాయొచ్చు. తీరా సీటు వచ్చాక ఢిల్లీలో జవాబులు రాయాల్సింది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. పరీక్ష తెలుగులో ఉంది కదా అని చదువూ తెలుగులో ఉంటుందనుకుని వెళ్లిన పిల్లలున్నారు.

గచ్చిబౌలిలో కూడా పాఠం ఇంగ్లిష్‌లోనే, సీటూ సీయూఈటీతోనే. తేడా ఏమిటంటే అది డిగ్రీ, ఎంఏ కలిపి చదివే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ. 1974లో కేంద్రం పెట్టిన యూనివర్సిటీ కాబట్టి దేశం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. క్యాంపస్‌లోనే హాస్టల్, పెద్ద లైబ్రరీ. ఎంఏ, పీహెచ్‌డీ చేసేవాళ్ల మధ్య 18 ఏళ్ల పిల్లలు తిరగడం చిన్న లాభమేమీ కాదు. మెస్‌లో కూర్చుని వినే వాదనల్లోనే సగం చదువు అయిపోతుంది. ఈ సబ్జెక్టే కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకు నా ఓటు ఇక్కడికే. డిగ్రీ తర్వాత లా చదవాలా, ఎంబీఏ చేయాలా అని ఇంకా ఊగిసలాడేవాళ్లకు మాత్రం ఐదేళ్ల కోర్సు బరువనిపిస్తుంది. వాళ్లకు ఢిల్లీ మేలు.

ఉస్మానియా మాటకొస్తే, సీటు దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా ఇంటర్ మార్కులతో వస్తుంది. మామూలు బీఏలో మూడు సబ్జెక్టుల్లో పొలిటికల్ సైన్స్ ఒకటి. అంటే లోతు తగ్గుతుంది, నిజమే. కానీ తెలుగు మీడియం సెక్షన్ ఉన్న మంచి ప్రభుత్వ కాలేజీలో, ఇంటి దగ్గర, తక్కువ ఖర్చుతో మూడేళ్లు నిలకడగా చదివి, ఆ మూడేళ్లలో రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదివే అలవాటు చేసుకుంటే, ఎంఏకి గచ్చిబౌలి వెళ్లొచ్చు. గ్రూప్స్ రాయాలనుకునే పిల్లలకైతే చరిత్ర, ఎకనామిక్స్ కలిసొచ్చే ఈ బీఏనే నేను ముందు చెప్తాను. కాలేజీని మాత్రం స్వయంగా వెళ్లి చూడండి. పొలిటికల్ సైన్స్‌కి పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారా, క్లాసులు నిజంగా జరుగుతున్నాయా అని రెండో ఏడు పిల్లల్ని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

సీయూఈటీ రాసేవాళ్లకు ఒక్క మాట. ఇంటర్ సివిక్స్ పుస్తకం ఒక్కటే చాలదు. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రెండున్నాయి, ఒకటి సమకాలీన ప్రపంచ రాజకీయాల మీద, ఇంకొకటి స్వాతంత్ర్యం తర్వాతి భారత రాజకీయాల మీద. రెండూ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ముందు వాటిలో ఒక అధ్యాయం చదివి, అర్థమైంది ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి చూడండి. ఢిల్లీ, గచ్చిబౌలి ఇప్పుడే వెళ్లాలా, మూడేళ్ల తర్వాతా అన్నది ఆ పేజీయే చెప్తుంది.