శ్రీశైలం ముంపు, పాలమూరు వలస: పరిశోధనకు రెండు దారులు
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో బలవంతపు వలసను అధ్యయనం చేసేవారి ముందు రెండు దారులున్నాయి: ముంపు వలస, కరువు వలస. 1981లో శ్రీశైలం జలాశయం వల్ల కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల పల్లెలు ఖాళీ అయ్యాయి. ఎవరు కదలాలో నీటిమట్టమే నిర్ణయించింది గనుక, మునిగిన ఊరిని గట్టున మిగిలిన పొరుగూరితో పోల్చి, భూమి కోల్పోయిన కుటుంబాల తరువాతి తరానికి ఏమైందో తేల్చే వీలుంది.

కరువు వలస అలా కాదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ముంబయి, పుణె పనులకు వెళ్లే కుటుంబాన్ని అప్పు, వాన, కులం, బంధుత్వం కలిసి కదిలిస్తాయి. వానకాలానికి తిరిగొచ్చేవారిని జనగణన సరిగా పట్టుకోలేదు. అయినా ప్రాంతీయ అసమానతను అర్థం చేసుకోవడానికి నేను రెండవదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే కృష్ణ పక్కనే పారుతున్నా సాగునీరు అందని పల్లెల బాధ అక్కడే ఉంది. అందుకు ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి అనుసరించే సర్వే కావాలి.