మొటిమలకని మెడికల్ షాపులో చేతిలో పెట్టే ఆ "మంచి క్రీమ్" పిల్లలకి రాయనివ్వకండి

ఇంట్లో టెన్త్, ఇంటర్ చదివే పిల్లలుండి వాళ్ళకి మొటిమలు వస్తుంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. పిల్లల్ని హాస్టల్లో ఉంచిన వాళ్ళయితే మరీను. మెడికల్ షాపుకి వెళ్ళి "మొటిమలకి మంచి క్రీమ్ ఏదైనా ఇవ్వండి" అంటే చాలా చోట్ల ఇచ్చేది మొటిమల మందు కాదు, స్టెరాయిడ్ కలిసిన క్రీమ్. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది. మా అమ్మాయి ముఖానికి ఏమైందో చూశాక ఈ మాట నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, హైదరాబాద్‌లో హాస్టల్. నుదుటి మీద, గడ్డం దగ్గర ఆ వయసులో అందరికీ వచ్చే మొటిమలే వచ్చాయి. కాలేజీ పక్కనున్న మెడికల్ షాపులో అడిగితే అక్కడున్నతను ఒక ట్యూబు తీసిచ్చి "రాత్రి పడుకునేముందు రాసుకోమ్మా, వారంలో క్లియర్ అయిపోతుంది, రంగు కూడా వస్తావు" అన్నాడట. వయసెంత అని అడగలేదు, చీటీ ఉందా అని అడగలేదు, ఎన్నాళ్ళు రాయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు, బిల్లు కూడా ఇవ్వలేదు. హాస్టల్లో తన గదిలో పిల్లలందరూ అక్కడే కొంటారు, ఒకరు బాగుందంటే ఇంకొకరు అదే రాస్తారు.

అతను చెప్పినట్టే వారంలో మొటిమలు మాయమయ్యాయి. మోసమంతా అక్కడే ఉంది. దసరా సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ముఖం నున్నగా, తెల్లగా ఉంది, చుట్టాలంతా ఏం రాస్తున్నావే అని అడిగి మరీ పేరు రాసుకున్నారు. సంక్రాంతికి వచ్చేసరికి పరిస్థితి వేరు. బుగ్గలు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ముక్కుకి రెండు పక్కలా సన్నటి ఎర్ర నరాలు దారపు పోగుల్లా పైకి కనబడుతున్నాయి. నోటి చుట్టూ అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు, చెంపల మీద ఇంతకుముందు లేని నూగు. డాబా మీద పతంగులు ఎగరేయడానికి వెళ్ళిన పిల్ల ముఖం మండిపోతోందమ్మా అంటూ వెంటనే కిందకి దిగొచ్చేసింది. ఆఖరికి చన్నీళ్ళతో కడిగినా చురుక్కుమంటోందంటే ఏమనుకోవాలి. పైగా వచ్చేటప్పుడు ఆ ట్యూబు హాస్టల్లో మర్చిపోయింది, అది రాయడం ఆగేసరికి రెండు మూడు రోజుల్లోనే మొటిమలన్నీ మునుపటికంటే పెద్దవిగా, చీముతో పైకి తన్నుకొచ్చాయి. "అది రాస్తేనే తగ్గుతుందమ్మా, ఇక్కడ షాపులో కొనిపెట్టు" అని ఒకటే ఏడుపు. పదహారేళ్ళ పిల్ల అద్దం చూసుకోవడం మానేసింది, ఇంటికి ఎవరొచ్చినా గదిలోంచి బయటికి రాలేదు.

అప్పుడు తన రూమ్మేట్ చేత ఆ ట్యూబు ఫోటో తెప్పించి, జూమ్ చేసి చదివాం. మోమెటసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం, హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం. ఈ మూడూ కలిపిన క్రీమ్ ఉన్నది మొటిమలకి కాదు, మంగు మచ్చలకి. అదీ డాక్టర్ చూసి, కొన్ని వారాలు మాత్రమే రాయమని ఇచ్చే మందు. మోమెటసోన్ అంటే స్టెరాయిడ్. అది ముఖంలో రక్తనాళాల్ని కుదించేస్తుంది, వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, అందుకే రెండు రోజుల్లో ముఖం బాగుపడినట్టు కనబడుతుంది. లోపల మూసుకుపోయిన రంధ్రం అలాగే ఉంటుంది, నూనె ఊరడం ఆగదు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, కుదించుకుపోయిన నరాలన్నీ మందు ఆపగానే ఒక్కసారి విప్పుకుంటాయి, స్టెరాయిడ్ వల్లనే కొత్తగా మొటిమలు కూడా పుడతాయి. ఇక హైడ్రోక్వినోన్ రంగు తగ్గించేది, ట్రెటినాయిన్ పై పొరని ఊడగొట్టి ఎండ తగిలితే మండేలా చేసేది. ఈ మూడూ కలిపి పదహారేళ్ళ పిల్ల ముఖానికి, రోజూ, లెక్కా పత్రం లేకుండా.

చర్మ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తే ముఖం చూడగానే ఆవిడ మొదట అడిగిన మాట "ఏ క్రీమ్ రాశావమ్మా, ఎన్నాళ్ళు?" ఇలాంటి పిల్లలు రోజూ వస్తూనే ఉంటారట. చర్మ వైద్యులు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు, టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని. మన దేశంలో ఎంత ఎక్కువగా ఉందంటే చర్మ వైద్యుల సంఘం, అంటే ఐఏడీవీఎల్, దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడింది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మడం తప్పు. రూలు వచ్చి ఇన్నేళ్ళయినా హాస్టళ్ళ చుట్టుపక్కల షాపుల్లో సబ్బు అమ్మినంత తేలిగ్గా అమ్ముతూనే ఉన్నారు, నాకు కోపం అక్కడే.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, పిల్లలకి కూడా చూపించండి. ట్యూబు మీదో అట్టపెట్టె మీదో ఎర్ర గీత నిలువునా ఉండి, ఎర్ర అక్షరాల్లో ఆర్‌ఎక్స్ అని ఉంటే, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే, అది డాక్టర్ రాయాల్సిన మందు. షాపతను "ఏం కాదు, అందరూ వాడతారు" అన్నా తిరిగిచ్చేయండి. తర్వాత కంపోజిషన్ అని రాసిన చోట పేర్లు చదవండి. చివర "సోన్" అని వస్తే (బీటామెథసోన్, మోమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూటికసోన్) చాలావరకు స్టెరాయిడ్ అనుకోవచ్చు. క్లోబెటసాల్, హాలోబెటసాల్, ఫ్లూసినోలోన్ కూడా అంతే. గజ్జి తామరలకని ఇంట్లో పడుండే ట్యూబుల్లో కూడా చాలావాటిలో క్లోబెటసాల్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపేసి ఉంటాయి, నాన్నగారికి తొడ దగ్గర తగ్గిందని పిల్లాడి ముఖానికి రాసేవాళ్ళున్నారు, ఆ పని అసలు చేయకండి.

ఇప్పటికే మీ పిల్లలు ఇలాంటిది నెలల తరబడి రాస్తున్నారని తెలిస్తే కంగారుపడి మీకు మీరే ఏదో ఒకటి చేయకండి. ఆపగానే ముఖం పొంగుతుంది, ఆ పొంగు చూసి భయపడి మళ్ళీ అదే రాస్తారు, అలా ఏళ్ళు గడుస్తాయి. ఆ ట్యూబు పట్టుకుని నేరుగా డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, ఒక్కసారిగా ఆపాలా, తక్కువ ఘాటుదానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్ళు చూసి చెప్తారు. బోర్డు మీద పేరు పక్కన ఎండీ డీవీఎల్ అనో, డీడీవీఎల్ అనో, డీఎన్‌బీ డెర్మటాలజీ అనో ఉందా చూసుకోండి. "స్కిన్ అండ్ హెయిర్ క్లినిక్" అన్న ప్రతిచోటా చర్మ డాక్టర్ ఉండరు. ప్రైవేటు ఫీజు భారమనుకుంటే ఉస్మానియా, గాంధీ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, మొహమాటపడకండి.

మా అమ్మాయికి డాక్టర్ మొదట రాసినవి వింటే ఇంతేనా అనిపిస్తుంది. వాసన లేని మెత్తటి ఫేస్‌వాష్ రోజుకి రెండుసార్లు, దాని మీద మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, కొన్ని వారాలు మాత్రలు. మొటిమల మందు అసలు ఇవ్వలేదు, ముందు చర్మం కోలుకోవాలి అన్నారు. మామూలు మొటిమలతో ఉన్న పిల్లలకి కూడా మొదలు ఈ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌లేనట. మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. జిడ్డు పోవాలని పిల్లలు రోజుకి ఐదారుసార్లు సబ్బుతో రుద్దుతారు, చర్మం ఎండిపోయి మంట పెరుగుతుంది, మొటిమలు తగ్గవు. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకని మా అత్తగారు అడిగారు, నాకూ అదే సందేహం. మొటిమల మందులు చాలావరకు ముఖాన్ని ఎండగొడతాయి, అందుకే కావాలి, కాకపోతే నాన్ కొమెడోజెనిక్ (అంటే చర్మ రంధ్రాల్ని మూసేయనిది) అని రాసి ఉన్న పల్చటి జెల్ లాంటిది తీసుకోవాలి అన్నారు.

మొటిమల మందంటే ఎక్కువగా వాడేవి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్. ఇవి కూడా డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి, కానీ పేర్లు తెలిసి ఉంటే మంచిది. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చాలు, 10 శాతం అయితే మంట ఎక్కువవుతుంది తప్ప ఫలితం అంతగా పెరగదు. అది తగిలితే దిండు గలీబులు, తువ్వాళ్ళు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోమనండి. అడాపలీన్ 0.1 శాతం రాత్రిపూట ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత, మొదట్లో రోజు విడిచి రోజు. మొదటి వారాల్లో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కూడా కనబడవచ్చు. ఏ మందైనా సరే మార్పు తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి పన్నెండు వారాలు పడుతుంది. ఈ ఒక్క లెక్క మా అమ్మాయికి ముందే తెలిసి ఉంటే వారంలో పోతాయన్న మాటకి పడిపోయేది కాదు. వారంలో ముఖమంతా నున్నగా చేసే క్రీమ్ ఏదైనా ఉందంటే సంతోషపడకండి, వెంటనే వెనక్కి తిప్పి కంపోజిషన్ చదవండి.

వంటింటి చిట్కాల గురించి కూడా ఒక మాట. నిమ్మరసం, వంట సోడా, టూత్‌పేస్ట్ వద్దు, ముఖం కాలుతుంది. శనగపిండి నలుగు స్నానంలో ఒంటికి బాగానే ఉంటుంది గానీ చీము మొటిమల మీద రుద్దితే పగిలి మచ్చలు పడతాయి. తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకుంటే అది నుదుటికి దిగుతుంది, చాలామంది పిల్లలకి నుదుటి మీద మొటిమలు ఎక్కువగా ఉండడానికి అదొక కారణం. నుదుటి మీద ఒకే సైజు పొక్కులు దురదతో వస్తుంటే మొటిమలు కాకపోవచ్చు, ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు.

ఇంకొకటి, ఇది మెడికల్ షాపుల కంటే భయం. బ్యూటీ పార్లర్లలో, ఇన్‌స్టాలో తెల్ల డబ్బాల్లో అమ్మే "నైట్ క్రీములు". తయారీ లైసెన్స్ నంబరు ఉండదు, ఏం కలిపారో ఉండదు, హోమ్‌మేడ్ అంటారు. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు, పాదరసం కూడా ఉండొచ్చు. కేరళలో మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబడే క్రీములు రాసినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నట్టు 2023లో బయటపడింది, కారణం పాదరసమే అని అక్కడి డాక్టర్లు చెప్పారు. మన రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం పొరపాటున కలిసినా పదిలక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. డబ్బా మీద పేరే లేనప్పుడు ఎవరు కొలిచారు?

పిల్లల ముందు ముఖం గురించి మాట్లాడే పెద్దవాళ్ళు కూడా కొంచెం ఆగాలి. మా ఇంటికొచ్చిన ఒకావిడ "ఇలా ఉంటే రేపు సంబంధాలెలా వస్తాయే" అంది, ఇంటర్ చదివే పిల్లతో. ఆ మాట విన్న పిల్ల ఏ ట్యూబు దొరికినా రాసుకుంటుంది.

ఇప్పుడు మా అమ్మాయి ముఖం చాలావరకు నయం. మంట పోయింది, పొక్కులు తగ్గాయి. ముక్కు పక్కన నరాలు మాత్రం ఇంకా కనబడుతున్నాయి, వాటికి తర్వాత లేజర్ చేయాల్సి రావచ్చన్నారు. ఆ షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, బిల్లు లేదు కాబట్టి నా దగ్గర రుజువు లేదు. మీరు మాత్రం ఏ క్రీమ్ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి, బ్యాచ్ నంబరు పడేలా చూసుకోండి, ట్యూబు ఖాళీ అయినా పారేయకండి. చీటీ లేకుండా ఇలాంటివి అమ్ముతుంటే తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం టోల్ ఫ్రీ 1800-599-6969కి చెప్పొచ్చు. మందు వల్ల ముఖానికి ఇలా జరిగితే ఫిర్యాదు కింద కాకుండా విడిగా నమోదు చేయించడానికి 1800-180-3024 ఉంది, అది దేశమంతటికీ. హాస్టల్లో పిల్లలుంటే ఈ రాత్రే ఫోన్ చేసి ముఖానికి ఏం రాస్తున్నారో అడగండి, ట్యూబు వెనకవైపు ఫోటో పెట్టమనండి.